మీరడిగారు: ఆ క్రికెటర్ లాయరు నిజంగా రిప్పరేనా?

గత సంచికలో విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లండ్ క్రికెట్ గురించి రాస్తూ మాంటేగ్ జాన్ డ్రూయిట్ అనే పేరు ఒక్క వాక్యంలో ప్రస్తావించాను. ఆ ఒక్క వాక్యం మీదే ఇన్ని ప్రశ్నలు వస్తాయనుకోలేదు. ఈసారి శీర్షిక మొత్తం ఆయనకే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: డ్రూయిట్ పేరు నెట్‌లో కొట్టి చూస్తే జాక్ ద రిప్పర్ అనే వస్తోంది, అదే 1888లో లండన్‌లో వరస హత్యలు చేసి దొరక్కుండా పోయిన హంతకుడి మారుపేరు. క్రికెట్ సంగతి ఎక్కడో అడుగున ఉంది. అసలు ఎవరీయన?

జవాబు: మీరు గమనించిందే నా బాధ కూడా. ముప్పై ఒక్క ఏళ్ల జీవితాన్ని పక్కన పెట్టి, చనిపోయాక ఎవరో రాసిన నాలుగు ముక్కల్నే జనం ముందు పెడుతున్నారు. అందుకే మొదటినుంచి చెప్తాను.

1857 ఆగస్టు 15న ఇంగ్లండ్ దక్షిణాన డోర్సెట్ కౌంటీలో, వింబోర్న్ మిన్‌స్టర్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి విలియం డ్రూయిట్ ఆ ఊళ్లో పేరున్న సర్జన్. ఏడుగురు పిల్లల్లో ఈయన ఒకడు. పదమూడో ఏట స్కాలర్‌షిప్ తెచ్చుకుని వించెస్టర్ కాలేజీలో చేరాడు. పేరుకి కాలేజీ గానీ అది డబ్బున్న ఇళ్ల పిల్లలు చదివే రెసిడెన్షియల్ స్కూలు. అక్కడ క్రికెట్ జట్టులో ఆడాడు, బంతిని అరచేత్తో గోడకేసి కొట్టే ఫైవ్స్ అనే ఆటలో ఛాంపియన్ అయ్యాడు, డిబేటింగ్ సొసైటీలో తెగ మాట్లాడేవాడు. మొదటి ఛార్లెస్ రాజుకి మరణశిక్ష వేయడాన్ని తప్పుబడుతూ, అది ఇంగ్లండ్ పేరు మీద ఎప్పటికీ చెరగని మచ్చ అన్నాడు. ఫ్యాషన్‌కి బానిసలవడం సమాజానికి చేటా కాదా అన్న సరదా చర్చలో కూడా లేచి వాదించాడు. లాయరు లక్షణాలు అప్పుడే కనిపిస్తున్నాయి చూడండి.

అక్కణ్నుంచి మళ్లీ స్కాలర్‌షిప్ మీదే ఆక్స్‌ఫర్డ్‌లోని న్యూ కాలేజీకి వెళ్లాడు. తోటి విద్యార్థులు జూనియర్ కామన్ రూమ్ స్టీవార్డ్‌గా ఎన్నుకున్నారంటే అందరితో కలిసిపోయే మనిషే అన్నమాట. చదువు మాత్రం పోనుపోను జారింది. 1878 పరీక్షలో సెకండ్ క్లాస్, 1880లో చివరి డిగ్రీ థర్డ్ క్లాస్.

ప్రశ్న: బడిలో టీచరు, కోర్టులో లాయరు, శనివారం వస్తే క్రికెట్. ఒక్క మనిషి ఇవన్నీ ఎలా చేశాడు? అమెచ్యూర్ అంటే డబ్బు తీసుకోకుండా ఆడేవాడేనా?

జవాబు: అవును, లెక్కప్రకారం అంతే. కానీ ఆనాటి ఇంగ్లండ్‌లో ఆ మాట డబ్బు దగ్గర ఆగలేదు. ఆటకి కూలి పుచ్చుకునేవాళ్లు ప్లేయర్లు, పుచ్చుకోనివాళ్లు జెంటిల్మెన్. ఇద్దరూ ఒకే జట్టుకి ఆడుతున్నా చాలా మైదానాల్లో డ్రెస్సింగ్ రూములు వేరు, లోపలికొచ్చే గేట్లు వేరు. స్కోరుకార్డులో అమెచ్యూర్ పేరుకి ముందు మిస్టర్ అని పెట్టేవాళ్లు, డబ్బు తీసుకునేవాడికి ఉత్త ఇంటిపేరే దక్కేది. ఈ తేడా ఎత్తేయాలని ఇంగ్లండ్ క్రికెట్ పెద్దలు తీర్మానించింది 1962 చివర్లో, అంటే డ్రూయిట్ పోయి డెబ్బై ఏళ్లు దాటాక.

జెంటిల్మన్‌గా ఆడాలంటే ఇంకెక్కడినుంచో తిండి గడవాలి కదా. డ్రూయిట్‌కి 1880 నుంచి ఆ ఆధారం బ్లాక్‌హీత్‌లోని ఒక బోర్డింగ్ స్కూలు. లండన్‌కి ఆగ్నేయంగా ఉండే బ్లాక్‌హీత్‌లో, 9 ఎలియట్ ప్లేస్ అనే చిరునామాలో జార్జ్ వాలెంటైన్ అనే ఆయన నడిపేవాడు. అక్కడే అసిస్టెంట్ మాస్టరుగా పాఠాలు చెప్తూ 1882 మేలో ఇన్నర్ టెంపుల్‌లో చేరాడు. బారిస్టర్లను తయారుచేసే నాలుగు పాత సంస్థల్లో అదొకటి. తర్వాత కొన్నేళ్లకి గాంధీ చేరింది కూడా అక్కడే. పరీక్షలతో పాటు హాల్లో ఇన్ని విందులు తిని తీరాలన్న రూలు ఉన్న చోటు అది.

ఆ చదువుకి డబ్బు కావాలి. తండ్రి వీలునామాలో తనకి రాబోయే 500 పౌండ్లని తాకట్టులాగా చూపించి ముందే వాడేసుకున్నాడు. 1885 ఏప్రిల్ 29న బారిస్టరు అయ్యాడు. అదే ఏడాది సెప్టెంబరులో తండ్రి గుండెపోటుతో పోయాడు. పదహారు వేల పౌండ్లకి పైగా ఆస్తి, కానీ ఈయన వాటా అప్పటికే ఖర్చయిపోయింది. అంటే వృత్తిలో కాలు పెట్టిన కొద్ది నెలలకే వెనకాల ఉన్న ఆసరా పోయింది. నన్నడిగితే డ్రూయిట్ కథలో జనం దాటేసి వెళ్లిపోయే ముఖ్యమైన మలుపు ఇదే.

బారిస్టరు పని మొదట్లో ఎవరికైనా కష్టమే. క్లయింటు నేరుగా తలుపు తట్టడు, సొలిసిటర్ అనే మరో రకం లాయరు కేసు పట్టుకొస్తేనే పని. ఫీజు ఎగ్గొట్టారనుకోండి, దావా వేసి రాబట్టుకునే హక్కు కూడా ఆ రోజుల్లో బారిస్టరుకి లేదు. డ్రూయిట్ 9 కింగ్స్ బెంచ్ వాక్‌లో గది తీసుకున్నాడు, వెస్టర్న్ సర్క్యూట్‌లో పేరు నమోదు చేసుకున్నాడు. వెస్టర్న్ సర్క్యూట్ అంటే వించెస్టర్ లాంటి పశ్చిమ, దక్షిణ ప్రాంతపు ఊళ్లకి జడ్జీలు తిరుగుతూ వస్తుంటే వెనకే లాయర్లూ వెళ్లి వాదించే పద్ధతి. అలాగని బడి ఉద్యోగం మానలేదు. ఆయన లాయరుగా పూర్తిగా ఫెయిలయ్యాడని కొందరు తేలిగ్గా రాసేస్తారు. చనిపోయేనాటికి 2,600 పౌండ్ల ఆస్తి ఉంది. దాన్నిబట్టి నడివీధిలో నిలబడ్డ మనిషి కాదని మాత్రం చెప్పొచ్చు.

ప్రశ్న: సరే, ఆట ఎలా ఉండేది? టెస్టులేమైనా ఆడాడా?

జవాబు: లేదండీ, టెస్టు స్థాయి కాదు. కౌంటీ ఛాంపియన్లలో ఒకడూ కాదు. గట్టి క్లబ్ క్రికెటర్, ముఖ్యంగా బౌలింగ్‌లో. కానీ ఆ రోజుల్లో క్లబ్ మ్యాచ్ అంటే ఎదురుగా ఎవరొచ్చి నిలబడతారో చెప్పలేం, అందుకే ఆ స్కోరుకార్డులు చదువుతుంటే భలే ఉంటుంది.

1886 జూన్ 5 చూడండి. బ్లాక్‌హీత్ మీదికి బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ అనే జట్టు వచ్చింది, కెప్టెన్ లార్డ్ హ్యారిస్. కెంట్‌కీ ఇంగ్లండ్‌కీ నాయకత్వం వహించిన మనిషి, తర్వాత 1890లో బొంబాయి గవర్నరుగా వచ్చింది ఈయనే. ఆ హ్యారిస్‌ని 14 పరుగుల దగ్గర బౌల్డ్ చేశాడు మన బడిపంతులు. ఇంకో మూడు వికెట్లు కూడా తీశాడు, బ్లాక్‌హీత్ 178 పరుగుల తేడాతో నెగ్గింది. రెండు వారాలకి బెక్స్‌లీ జట్టు తరఫున ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ జాన్ షూటర్ వస్తే అతన్నీ 24కి పంపించేశాడు. మరుసటి ఏడు షూటర్ ఊరుకోలేదు. వాల్టర్ రీడ్, బాబీ ఏబెల్ లాంటి సరే కౌంటీ ఆటగాళ్లని వెంటబెట్టుకొచ్చి 147 పరుగుల తేడాతో బ్లాక్‌హీత్‌ని చిత్తు చేశాడు.

ఇంతకన్నా మనకి దగ్గరి మ్యాచ్ ఇంకోటి ఉంది. 1888లో బొంబాయి పార్సీ క్రికెటర్లు రెండోసారి ఇంగ్లండ్ టూరు వెళ్లారు. 1886లో వెళ్లినప్పుడు ఒక్కటంటే ఒక్క మ్యాచే గెలిచారు, ఈసారి లెక్క మారింది. ఎం.ఇ. పావ్రీ అనే ఫాస్ట్ బౌలరు ఒక్కడే టూరు మొత్తం మీద 170 వికెట్లు పడగొట్టాడు. ఆగస్టు మొదట్లో బోర్న్‌మత్‌లో వాళ్లతో తలపడిన జెంటిల్మెన్ ఆఫ్ బోర్న్‌మత్ జట్టులో డ్రూయిట్ ఉన్నాడు. తొలి ఇన్నింగ్స్‌లో పార్సీల వికెట్లు ఐదు తీశాడు, అయినా మ్యాచ్ పార్సీలదే. భారతదేశం నుంచి వెళ్లిన తొలితరం జట్టుని ఎదుర్కొన్న బౌలరు అన్న పరిచయంతోనైనా ఈయన పేరు మనవాళ్లకి తెలిసి ఉంటే నాకు చాలా సంతోషంగా ఉండేది.

మైదానం బయట పని కూడా నెత్తిన వేసుకునేవాడు. బ్లాక్‌హీత్ మోర్డన్ క్లబ్‌కి కోశాధికారి. 1885లో ఆ క్లబ్బు చుట్టుపక్కల క్రీడాసంఘాలతో కలిసి బ్లాక్‌హీత్ క్రికెట్, ఫుట్‌బాల్ అండ్ లాన్ టెన్నిస్ కంపెనీగా మారితే దానికీ సెక్రటరీ, డైరెక్టరు బాధ్యతలు తీసుకున్నాడు. 1884 మే 26న ఎంసీసీ, అంటే ఇంగ్లండ్ క్రికెట్‌కి పెద్దదిక్కైన మేరిల్‌బోన్ క్రికెట్ క్లబ్, సభ్యుడిగా ఎన్నికయ్యాడు. పేరు బలపరిచినవాడు వెర్నన్ రాయిల్, ఇంగ్లండ్‌కి టెస్టు ఆడినవాడు.

ప్రశ్న: క్రికెటర్‌గా మొదలై లాయరుగా నిజంగా పైకొచ్చినవాళ్లు ఆ కాలంలో లేరా?

జవాబు: ఎందుకు లేరు, ఆల్ఫ్రెడ్ లిటిల్టన్ ఉన్నాడు. ఆయనా 1857లోనే పుట్టాడు, ఆయనదీ ఇన్నర్ టెంపులే. ఇంగ్లండ్‌కి ఫుట్‌బాలూ క్రికెటూ రెండూ ఆడిన మొదటివాడు. 1884 ఓవల్ టెస్టులో ఆస్ట్రేలియా 551 కొడుతుంటే దిక్కుతోచక పదకొండు మందీ బౌలింగ్ చేశారు, వికెట్‌కీపర్ లిటిల్టన్ కాళ్లకి ప్యాడ్లు ఉండగానే అండర్‌ఆర్మ్ బంతులు విసిరి 19 పరుగులకి 4 వికెట్లు పట్టుకుపోయాడు. తర్వాత రికార్డరు, అంటే నగర కోర్టు జడ్జి, ఆపైన 1903లో వలసల మంత్రి. తండ్రి లార్డ్ లిటిల్టన్, పెద్ద వంశం. డ్రూయిట్ గ్రామర్ పుస్తకాలు దిద్దుకుంటూ ఫీజులు కట్టుకుంటున్న ఏళ్లలో లిటిల్టన్ అటార్నీ జనరల్ దగ్గర లీగల్ సెక్రటరీగా ఉన్నాడు. తెలివిలో తేడా ఎంతో నేను తూచలేను గానీ, మొదలుపెట్టిన మెట్టులో తేడా కళ్లకి కనిపిస్తూనే ఉంది.

ప్రశ్న: అసలు విషయానికి రండి. రిప్పర్ ఈయనే అనడానికి సాక్ష్యం ఏమిటి?

జవాబు: లేదు. ఇంత పొట్టి జవాబు మీకు నచ్చదని తెలుసు కాబట్టి వివరంగానే చెప్తాను.

1888 ఆగస్టు 31 నుంచి నవంబరు 9 మధ్య లండన్ వైట్‌చాపెల్ చుట్టుపక్కల ఐదుగురు పేద ఆడవాళ్లని చంపినవాడు దొరకలేదు. అప్పట్లో డ్రూయిట్ మీద కేసు పెట్టినట్టు గానీ, పట్టుకుని ప్రశ్నించినట్టు గానీ ఎక్కడా లేదు. ఆయన పేరు మొదట కనిపించేది 1894 ఫిబ్రవరి 23 తేదీతో స్కాట్లండ్ యార్డ్ (లండన్ పోలీసు కేంద్రం) అధికారి మెల్విల్ మెక్‌నాటెన్ రాసిన అంతర్గత నోట్‌లో. ఒక పత్రిక కట్‌బుష్ అనే వ్యక్తే హంతకుడని రాస్తే, అతని కంటే అనుమానించదగ్గవాళ్లు ముగ్గురున్నారంటూ ఇచ్చిన జాబితా అది. అందులో మొదటి పేరు ఎం.జె. డ్రూయిట్.

ఆ నోట్ ఎంత నిఖార్సైనదో చూడండి. డ్రూయిట్‌ని డాక్టరు అంటారని రాశాడు. డాక్టర్లు ఆయన తండ్రీ చుట్టాలూ, ఆయన కాదు. ఇంకో ప్రతిలో వయసు సుమారు 41 అని ఉంది, నిజానికి 31. ఐదింటిలో చివరిదైన మిల్లర్స్ కోర్ట్ హత్య జరిగిన సమయానికి మాయమయ్యాడన్నాడు. ఆ హత్య నవంబరు 9న, డ్రూయిట్ నవంబరు నెలాఖరు దాకా బడి ఉద్యోగంలోనే ఉన్నాడు. ప్రైవేటుగా అందిన సమాచారాన్నిబట్టి ఇంటివాళ్లే అనుమానించారని మరో ముక్క. ఆ సమాచారం ఎవరిచ్చారో, ఏమిచ్చారో రాయలేదు. పైగా మెక్‌నాటెన్ పోలీసు శాఖలో చేరిందే 1889 జూన్‌లో, హత్యలన్నీ జరిగిపోయాక. అదే జాబితాలో మూడోవాడు మైకేల్ ఆస్ట్రాగ్ ఆ హత్యల కాలంలో ఫ్రాన్స్‌లో జైల్లో ఉన్నట్టు తర్వాత తేలింది. ఏ కోర్టులోనైనా ఇలాంటి సాక్షిని జూనియర్ లాయరు కూడా పది నిమిషాల్లో కూర్చోబెట్టేస్తాడు.

వైట్‌చాపెల్ కేసు మీద స్వయంగా పనిచేసిన ఇన్‌స్పెక్టర్ ఆబర్లైన్‌ని 1903లో ఒక పత్రిక అడిగితే, ఆ సమయంలో థేమ్స్ నదిలో శవం దొరకడం తప్ప ఆ మనిషిని నేరానికి ముడిపెట్టేది ఏమీ లేదని కొట్టిపారేశాడు. నాకు ఆయన మాట చాలు.

ప్రశ్న: హత్య జరిగిన రోజే క్రికెట్ ఆడాడు కాబట్టి నిర్దోషి అని ఒక చోట చదివాను. అది సరైన వాదనేనా?

జవాబు: నేను డ్రూయిట్ పక్షమే, కానీ ఈ వాదనని మరీ లాగకూడదు. సెప్టెంబరు 8 తెల్లవారుజామున హాన్‌బరీ స్ట్రీట్‌లో ఆనీ చాప్‌మన్ హత్య జరిగింది. అదే రోజు పదకొండున్నరకి బ్లాక్‌హీత్ రెక్టరీ ఫీల్డ్‌లో డ్రూయిట్ మ్యాచ్ ఆడాడు. ప్రత్యర్థులు క్రిస్టఫర్సన్ కుటుంబం. తండ్రీ కొడుకులే పదకొండు మందిగా దిగిన జట్టు, వాళ్లలో టెస్టు ఆడిన స్టాన్లీ క్రిస్టఫర్సన్ డ్రూయిట్‌ని బౌల్డ్ చేశాడు. వైట్‌చాపెల్ నుంచి బ్లాక్‌హీత్ గంటల ప్రయాణం కాదు, కాబట్టి మ్యాచ్ ఆడటం ఒక్కటే అలిబీ, అంటే నేరం జరిగినప్పుడు వేరే చోట ఉన్నాడన్న రుజువు, కిందకి రాదు. ఆగస్టు 31 హత్యకి మరుసటి రోజు సెప్టెంబరు 1న దూరాన డోర్సెట్‌లోని కాన్‌ఫర్డ్‌లో ఆడుతున్నాడు, అది కాస్త బలమైన సంగతి, కానీ అదీ అసాధ్యమని తేల్చదు. నిర్దోషి అని నిరూపించాల్సిన భారం ఆయన మీద లేదండీ. నేరం మోపినవాళ్లే నిరూపించాలి. ఆయన వృత్తిలో మొదటి పాఠం అదే కదా.

ప్రశ్న: ఎలా చనిపోయాడు? స్కూలు నుంచి ఎందుకు తీసేశారు?

జవాబు: జాగ్రత్తగా చెప్పాల్సిన విషయం. 1888 జులైలో తల్లి ఆన్‌ని మానసిక వ్యాధితో ఆసుపత్రిలో చేర్చారు. ఆమె తల్లి ఆత్మహత్య చేసుకుంది. నవంబరు చివర్లో డ్రూయిట్ ఉద్యోగం పోయింది, స్కూల్లో పెద్ద చిక్కులో పడ్డాడని అన్న విలియం తర్వాత విచారణలో చెప్పాడు. ఆ చిక్కేమిటో అక్కడ బయటపెట్టలేదు. దాని చుట్టూ అల్లిన కథలు వినడానికి బాగుంటాయి, వాటికి కాగితం ముక్క ఆధారం లేదు కాబట్టి ఇక్కడ రాయను.

డిసెంబరు 11న విలియంకి ఒక మిత్రుడి ద్వారా కబురు తెలిసింది, మీ తమ్ముడు వారం పైగా ఆఫీసు గదికి రావట్లేదని. విలియం బోర్న్‌మత్‌లో సొలిసిటర్. లండన్ వచ్చి వాకబు చేస్తే ఉద్యోగం పోయిన సంగతి బయటపడింది. ఈలోగా డిసెంబరు 21న క్లబ్బు బోర్డు సమావేశమై, సెక్రటరీ విదేశాలకు వెళ్లిపోయినందున పదవి నుంచి తొలగిస్తున్నాం అని తీర్మానం రాసుకుంది. ఆయన విదేశాలకు వెళ్లలేదు. డిసెంబరు 31న చిజిక్ దగ్గర థేమ్స్ నదిలో పడవవాడికి శవం కనిపించింది. జేబులో డిసెంబరు 1 తేదీతో హామర్‌స్మిత్ నుంచి ఛేరింగ్ క్రాస్‌కి వాడని తిరుగు టికెట్ ఉంది, బ్లాక్‌హీత్ నుంచి లండన్‌కి ఫస్ట్ క్లాస్ సీజన్ టికెట్ ఉంది. అన్నకి రాసిపెట్టిన చీటీలో, నేనూ అమ్మలాగే అయిపోతానేమోనని శుక్రవారం నుంచి అనిపిస్తోందన్న అర్థం వచ్చే మాట ఉంది.

1889 జనవరి 2న కరోనర్ (అసహజ మరణాల్ని విచారించే అధికారి) విచారణ జరిగి, మతి స్థిమితం తప్పి చేసుకున్న ఆత్మహత్య అని తీర్పిచ్చారు. మర్నాడు వింబోర్న్ శ్మశానంలో ఖననం చేశారు. ఆ చీటీలో వైట్‌చాపెల్ లేదు, నేరం ఒప్పుకోలు లేదు. తల్లి జబ్బు తనకీ వస్తుందన్న భయం ఉంది. ఆ టెన్షన్‌తో నలిగిన మనిషిని చూసి జాలిపడాల్సింది పోయి, హంతకుల జాబితాలో కలిపేశారు.

ప్రశ్న: పోలీసు ఫైల్లో ఉన్న పేరు జనానికి ఎలా తెలిసింది?

జవాబు: మెక్‌నాటెన్ కూతురు లేడీ ఆబర్‌కాన్వే దగ్గర తండ్రి నోట్ ప్రతి ఉండేది. 1959లో డాన్ ఫార్సన్ అనే బ్రిటిష్ టీవీ వ్యాఖ్యాత దాన్ని చూసి, ప్రసారంలో పూర్తి పేరు చెప్పకుండా ఎం.జె.డి. అన్న పొడి అక్షరాలు వాడాడు. 1965లో టామ్ కల్లెన్ పుస్తకంలో పూర్తి పేరు అచ్చయింది. ఇక ఆగలేదు.

ప్రశ్న: ఈయన గురించి సొంతంగా చదువుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: హంతకుడెవరు అని అట్ట మీద ప్రశ్నించే పుస్తకంతో వద్దు. ముందు 1889 జనవరి నాటి స్థానిక పత్రికల్లో వచ్చిన కరోనర్ విచారణ వార్త చదవండి, తర్వాత మెక్‌నాటెన్ నోట్ రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టుకోండి. వయసు, వృత్తి, తేదీలు ఒక్కొక్కటే సరిచూసుకుంటూ వెళ్తే మీకే తెలిసిపోతుంది. ఆ పని అయ్యాక బ్లాక్‌హీత్ స్కోరుకార్డులు వెతకండి, 1886 జూన్ నెలతో మొదలుపెట్టండి. హ్యారిస్ బౌల్డ్ డ్రూయిట్ 14 అన్న వరస అక్కడ దొరుకుతుంది.